మొదటి సూది ఎవరికి?

నర్సింగ్ కోర్సులో చేరిన ప్రతి విద్యార్థినీ ఏదో ఒక రోజున తన జీవితంలో మొదటిసారిగా ఒక మనిషి ఒంటిలోకి సూది దించవలసి ఉంటుంది. ఆ రోజు ఆమె చేయి వణకడం సహజం. నరం దొరకకపోవడం, దొరికినా జారిపోవడం, రెండోసారి, మూడోసారి గుచ్చవలసి రావడం కూడా సహజమే. పొరపాటు చేయకుండా ఏ విద్యనూ ఎవరూ నేర్చుకోలేరు. కనుక పొరపాటు జరుగుతుందా లేదా అన్నది మా ప్రశ్న కాదు. అది ఎవరి ఒంటి మీద జరుగుతోంది అన్నదే మా ప్రశ్న.

దీనికి సమాధానం వెతకడానికి మన బూర్గంపాడు నుండి ఎక్కువ దూరం పోనక్కరలేదు. గోదావరి కుడి గట్టున, కిన్నెరసాని వచ్చి కలిసే చోటికి చేరువలో ఉన్న ఊరు ఇది. ఇటు సారపాక కాగితపు మిల్లు, వంతెన దాటితే భద్రాచలం, ఆ పైన అంతా అడవి. 2014లో ఈ మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. కాగితం మీద సరిహద్దు మారినా, జ్వరానికి, కాన్పుకు అది తెలియదు. భద్రాచలం ఏరియా ఆసుపత్రికి తెలంగాణ మండలాల వారే కాక చింతూరు, కూనవరం వైపు నుండి, ఛత్తీస్‌గఢ్‌లోని సుకుమా వైపు నుండి కూడా రోగులు వస్తారు. వారిలో కోయ తల్లులు ఉంటారు, మిల్లు కూలీలు ఉంటారు, మన బస్తీల నుండి వెళ్ళే బురఖా స్త్రీలూ ఉంటారు. స్తోమత కలవారు ఖమ్మానికో హైదరాబాదుకో వెళ్ళిపోతారు.

దేశమంతటా నర్సింగ్ విద్యార్థుల క్లినికల్ పోస్టింగులు అత్యధికంగా జరిగేది ప్రభుత్వాసుపత్రుల సాధారణ వార్డులలోనే. అంటే, మొదటి సూది పడేది పేదవాని చేతికే. రెండోసారి గుచ్చుతున్నప్పుడు ‘ఎందుకమ్మా?’ అని అడగడానికి తగిన తెలుగు కూడా రాని కోయ తల్లి చేతికే. ఇందులో ఏ ఒక్క ఆసుపత్రి తప్పూ లేదు, ఏ ఒక్క విద్యార్థిని తప్పూ లేదు. విద్య ఆ విధంగా ఏర్పడి ఉంది. అయితే అది అలాగే ఉండనవసరం లేదన్నదే ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది.

సిమ్యులేషన్ అనే మాట ఇప్పుడు నర్సింగ్ కళాశాలల ప్రకటనలలో తరచుగా కనిపిస్తోంది. రోగి స్థానంలో బొమ్మనో, రోగిగా నటించే మనిషినో ఉంచి, నిజమైన వార్డులో జరిగినట్లే అన్నీ జరిపించి నేర్పే పద్ధతి ఇది. ఇందులో అనేక అంతస్తులున్నాయి. అన్నిటికన్నా చిన్నది రబ్బరు చేయి: లోపల గొట్టాలు, వాటిలో ఎర్రని నీరు, పైన చర్మం వంటి పొర. సూది సరిగ్గా దిగితే ఎర్రనీరు వెనక్కు వస్తుంది, లేకపోతే రాదు. అన్నిటికన్నా పెద్దది ఊపిరి పీల్చే, నాడి కొట్టుకొనే, కంప్యూటరు ఆజ్ఞలకు లోబడి రక్తపోటు పడిపోయే నిలువెత్తు బొమ్మ. ఈ రెంటి మధ్య ఎన్నో ఉన్నాయి. బొమ్మ ఎంత ఖరీదైనదన్నది ముఖ్యం కాదని మొదటే మనవి చేస్తున్నాము. కారణం తర్వాత చెబుతాము.

ఒక అభ్యాసం ఎలా సాగుతుందో ఊహించుకుందాం. జూలై నెల రాత్రి. గోదావరి పొంగి వంతెన మీద రాకపోకలు ఆగిపోయాయి. ఇరవై రెండేళ్ళ బాలింత, కాన్పు అయి పది నిమిషాలైంది. ఇదే ఆ రోజు విద్యార్థినులకు ఇచ్చిన కథ. మంచం మీద బొమ్మ ఉంటుంది, లేదా తోటి విద్యార్థిని ఒకరు పడుకొని ఉంటారు. కింద పరచిన గుడ్డ మీదికి ఎర్రనీరు పారుతూ ఉంటుంది. ‘కళ్ళు తిరుగుతున్నాయక్కా’ అని బాలింత అంటుంది. ఇక ముగ్గురు విద్యార్థినులు పని మొదలుపెట్టాలి. గర్భాశయం గట్టిపడిందా లేదా అని పొట్ట మీద చేయి వేసి చూసేది ఎవరు? ఆక్సిటోసిన్ తీసేది ఎవరు? సెలైన్ పెట్టేది ఎవరు? డాక్టరుకు ఫోన్ చేసేది ఎవరు, చేసి ఏమని చెప్పాలి? ఎంత రక్తం పోయిందో చెప్పగలరా? అనుభవం గలవారు కూడా కంటితో చూసి రక్తస్రావాన్ని తక్కువగా అంచనా వేస్తారు. కాన్పు తర్వాత అర లీటరు దాటితే అది ప్రమాద సూచిక. గుడ్డ మీద అర లీటరు ఎర్రనీరు ఎంత మేర పరచుకుంటుందో ఒకసారి కళ్ళారా చూసిన అమ్మాయి దానిని మరచిపోదు.

పది నిమిషాలలో కథ ముగుస్తుంది. అసలు పాఠం ఆ తర్వాతే. అందరూ వలయంగా కూర్చుంటారు. ఏమి జరిగింది, ఎందుకలా చేశారు, ఇంకోసారి అయితే ఏమి చేస్తారు అని అధ్యాపకురాలు అడుగుతారు. దీనిని డీబ్రీఫింగ్ అంటారు. తిట్టడానికి అక్కడ చోటు లేదు. ‘నేను సూది కోసం వెతుకుతూ ఆమె ముఖం వైపు చూడనే లేదు’ అని విద్యార్థిని తనకు తానే గ్రహించి చెప్పగలిగితే ఆ పది నిమిషాలు ఫలించినట్లే. ఈ సంభాషణ లేని సిమ్యులేషన్ ఒక ఆట మాత్రమే. మన ప్రాంతపు కళాశాలలలో కొరత బొమ్మలకన్నా ఈ సంభాషణ నడపగల అధ్యాపకులకే ఎక్కువ అని మా అభిప్రాయం.

ఆకు ఈనె మీద అభ్యాసం

ఇది పాశ్చాత్యుల కొత్త పోకడ అని కొందరు అనుకుంటారు. నిజానికి దీని మూలాలు చాలా పాతవి, వాటిలో ఒకటి మన వారసత్వంలోనే ఉంది.

హిజ్రీ 319వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 931లో, బాగ్దాదు నగరంలో ఒక వైద్యుని పొరపాటు వల్ల ఒక వ్యక్తి మరణించాడు. ఈ వార్త ఖలీఫా ముక్తదిర్‌కు చేరింది. ఇక మీదట పరీక్షలో నెగ్గనిదే ఎవరూ వైద్యం చేయరాదని ఆయన శాసించి, ఆ బాధ్యతను సినాన్ బిన్ సాబిత్ అనే వైద్యునికి అప్పగించాడు. ఎనిమిది వందల అరవైకి పైగా వైద్యులు పరీక్షకు వచ్చారని చరిత్రకారులు రాశారు. ఒక ముచ్చట కూడా చెబుతారు. మంచి దుస్తులు ధరించిన ఒక ముసలి వైద్యుడు వచ్చి, సినాన్ ముందు బంగారు నాణేలు పెట్టి, తనకు చదవడం, రాయడం రాదనీ, ఇదే తన జీవనోపాధి అనీ ఒప్పుకున్నాడట. తెలియని రోగానికి చేయి వేయరాదనీ, రక్తం తీయడం వంటి పనులకు పూనుకోరాదనీ షరతు పెట్టి సినాన్ ఆయనను పంపివేశాడు. మర్నాడు ఒక యువకుడు వచ్చాడు. ‘ఎవరి వద్ద నేర్చుకున్నావు?’ అని అడిగితే, ‘నిన్న వచ్చిన మా నాన్న వద్ద’ అన్నాడట! నవ్వు తెప్పించే కథే, కానీ నకిలీ అనుభవ పత్రాల కాలంలో జీవిస్తున్న మనకు ఆ నవ్వు ఎంతో సేపు నిలవదు.

ఆ తర్వాత రెండు శతాబ్దాలకు, సుల్తాన్ సలాహుద్దీన్ కాలంలో, సిరియా ప్రాంతానికి చెందిన అబ్దుర్రహ్మాన్ అష్షైజరీ ముహ్తసిబ్‌ల కోసం ఒక గ్రంథం రాశాడు. ముహ్తసిబ్ అంటే బజారులో తూకాలను, వృత్తులను తనిఖీ చేసే అధికారి. రొట్టెలు కాల్చేవారు మొదలు వైద్యుల వరకు ఎవరెవరిని ఎలా పరీక్షించాలో అందులో ఉంది. నరం కోసి రక్తం తీసే వృత్తివారి గురించి చెబుతూ, ఆ విద్య నేర్చుకోదలచినవాడు ముందుగా సిల్క్ అనే ఆకుకూర ఆకుల ఈనెల మీద పదే పదే అభ్యాసం చేసి చేయి కుదుర్చుకోవాలని ఆయన సూచించాడు. మన బీట్‌రూట్ జాతికే చెందిన మొక్క అది. వెడల్పాటి ఆకు, ఉబ్బెత్తుగా కనిపించే ఈనె. మనిషి నరానికి ముందు ఆకు నరం! నేటి రబ్బరు చేతికి అది తాత అనదగినది. దానికి ఖర్చు ఒక ఆకు.

దీని వెనుక ఉన్న ధార్మిక భావన మన పాఠకులకు తెలియనిది కాదు. వైద్యం తెలిసినవాడన్న పేరు లేకుండానే వైద్యానికి పూనుకొన్నవాడు అందువల్ల కలిగే నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త ముహమ్మద్ (స) స్పష్టం చేసినట్లు అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది. మంచి ఉద్దేశం ఉంటే చాలదు. చేయి కుదిరి ఉండాలి. రోగి శరీరం మనకు అప్పగించబడిన అమానత్. అమానత్‌ను పాడు చేసి, ‘నేను నేర్చుకుంటున్నాను కదా’ అనడం సమాధానం కాదు. కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (ర)ను సేవ నిమిత్తం హజ్రత్ రుఫైదా (ర) గుడారంలో ఉంచారని మనం చదువుతాము. గాయపడిన తన సహచరుని ఎవరి చేతికి అప్పగించాలో దైవప్రవక్త (స) ఎంచి అప్పగించారు. చేయి తిరిగినవారి చేతికే ఇచ్చారు.

మిగతా ప్రపంచంలో జరిగినది క్లుప్తంగా చెప్పి ముందుకు సాగుతాము. 1027లో చైనాలో సూది వైద్యం నేర్పడానికి నిలువెత్తు కంచు మనిషిని పోతపోశారు. 1759లో ఫ్రాన్సు రాజు పదిహేనవ లూయీ, మదాం దు కూద్రే అనే మంత్రసానిని దేశమంతటా తిరిగి పల్లె స్త్రీలకు కాన్పు చేయడం నేర్పమని నియమించాడు. ఆమె గుడ్డతో, తోలుతో ఒక తల్లి నడుము భాగాన్ని, ఒక శిశువును కుట్టించి, వాటిని బండిలో వేసుకొని ఊరూరా తిరిగింది. నర్సుల కోసం ప్రత్యేకంగా తయారైన మొదటి బొమ్మ 1911లో అమెరికాలోని హార్ట్‌ఫోర్డ్ ఆసుపత్రి శిక్షణాలయానికి చేరింది. దానిని చేసినది మార్తా చేజ్ అనే బొమ్మల తయారీదారు. అందుకే దానికి మిసెస్ చేజ్ అని పేరు వచ్చింది. 1960లో గుండె, ఊపిరి ఆగినవారికి ప్రాణం పోయడం నేర్పే బొమ్మను నార్వేలో తయారుచేసిన ఆస్మండ్ లార్డల్ కూడా ఆట బొమ్మల వ్యాపారే.

బొమ్మ గురించి ఒక సందేహం

మనిషి రూపంలో ఉన్న బొమ్మను శిక్షణకు వాడడం ధర్మసమ్మతమేనా అన్న సందేహం మన కుటుంబాలలో వినిపిస్తుంది. దానిని తేలికగా తీసివేయరాదు. ఆరాధనకు, ఆడంబరానికి నిలిపే రూపాలకు, పనికోసం వాడే బొమ్మకు మధ్య తేడాను పండితులు చూశారు. హజ్రత్ ఆయిషా (ర) బాల్యంలో బొమ్మలతో ఆడుకొనేవారనీ, దైవప్రవక్త (స) వారించలేదనీ ప్రామాణిక హదీసులలో ఉంది. దాని ఆధారంగా పలువురు విద్వాంసులు పిల్లల ఆటకు, విద్యకు వాడే బొమ్మలను అనుమతించారు. ప్రాణం కాపాడే విద్యకు వాడేది ఇంకా బలమైన అవసరం. ఎవరికైనా మనసు కుదుటపడకపోతే తమకు నమ్మకమైన ఆలింను అడిగి తెలుసుకోవచ్చు. ఈ ఒక్క కారణంగా అమ్మాయి నర్సింగ్ చదువు మాన్పించవలసిన పని మాత్రం లేదు.

మాకు ఇంతకన్నా పెద్దదిగా తోచే ధార్మిక విషయం వేరే ఉంది. అది సతర్. కాన్పు గదిలో ఒక స్త్రీని ఒకరి తర్వాత ఒకరుగా నేర్చుకొనేవారు పరీక్షించడం ఎంత బాధాకరమో అనుభవించినవారికి తెలుసు. నొప్పులతో ఉన్న తల్లి ‘వద్దు’ అనలేదు, అన్నా వినిపించదు. లోపలి పరీక్షలో వేళ్ళకు ఏమి తగలాలో, గర్భాశయ ముఖం ఎంత తెరుచుకుందో ముందుగా నమూనాల మీద పదిసార్లు నేర్చుకొని వచ్చిన విద్యార్థిని, తల్లిని ఒక్కసారి పరీక్షిస్తే సరిపోతుంది. ముస్లిం అయినా, కోయ అయినా, మరెవరైనా ఒక స్త్రీ మర్యాదను బొమ్మ ఇంతగా కాపాడుతుంది.

అయితే బొమ్మకు సిగ్గు లేదు, నొప్పి లేదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. రోగికి విషయం వివరించడం, తెర వేయడం ప్రతి నర్సింగ్ విధానం చెక్‌లిస్టులోనూ ముందు మెట్లుగా ఉంటాయి. బొమ్మ ముందు నిలబడిన విద్యార్థిని ‘తెర వేశాను’ అని నోటితో అనేసి తర్వాతి మెట్టుకు వెళ్ళిపోవచ్చు. అలా నోటి మాటగా అలవాటైన తెర, రేపు వార్డులోనూ నోటి మాటగానే మిగులుతుంది. కనుక కొన్ని అభ్యాసాలకు బొమ్మ చాలదు, మనిషి కావాలి. రోగి పాత్రను నేర్చుకొని, ప్రతి విద్యార్థినికీ ఒకే విధంగా ఆ బాధను వినిపించే మనిషిని వైద్య విద్యలోకి తెచ్చినది అమెరికా వైద్యుడు హోవర్డ్ బారోస్, 1963లో. మన ప్రాంతంలో ఆ పాత్రకు కోయ మాట్లాడే స్త్రీని కూర్చోబెట్టి, ఆమెకు తగిన పారితోషికం ఇచ్చి, ‘ఈమెకు తెలుగు అంతగా రాదు, ఈమె కడుపు నొప్పి ఎప్పటి నుండో తెలుసుకోండి’ అని విద్యార్థినులను పంపితే, ఆ అరగంట ఒక పాఠ్యపుస్తకం కన్నా ఎక్కువ నేర్పుతుంది. బురఖా తీయడానికి సంకోచించే ఒక పెద్దామెను రక్తపోటు చూడటానికి ఎలా ఒప్పించాలో కూడా అలాగే నేర్పవచ్చు. ఇందుకు ఒక్క యంత్రం కూడా అక్కరలేదు.

బీరువాలోని బొమ్మ

ఇదంతా నిజంగా ఫలితం ఇస్తుందా? అమెరికాలో పది నర్సింగ్ విద్యాసంస్థలలో 666 మంది విద్యార్థులతో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2014లో వెలువడింది. క్లినికల్ శిక్షణ గంటలలో సగం వరకు మంచి సిమ్యులేషన్‌తో భర్తీ చేసినా, విద్యార్థుల పరిజ్ఞానంలో గానీ, ఉద్యోగంలో చేరాక వారి పనితనంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయితే ఆ సంస్థలలో శిక్షణ పొందిన అధ్యాపకులు ఉన్నారు, ప్రతి అభ్యాసానికీ డీబ్రీఫింగ్ ఉంది. ఆ షరతులను వదిలేసి, ‘సగం చాలు’ అన్న మాట ఒక్కటే పట్టుకొని వార్డు పోస్టింగులు తగ్గించుకోవాలనుకొనే యాజమాన్యాలకు ఈ అధ్యయనం ఆసరా కాదు.

మనకు ఎక్కువ పనికొచ్చే పాఠం టాంజానియా నుండి వచ్చింది. పుట్టిన శిశువు ఊపిరి తీయకపోతే మొదటి నిమిషంలోనే తుడిచి, తట్టి, అవసరమైతే మాస్కు పెట్టి గాలి ఊదాలి. ఆ ఒక్క నిమిషం పోతే శిశువు పోవచ్చు. దీనిని చవకైన బొమ్మతో నేర్పే కార్యక్రమం 2010లో మొదలైంది. గోరువెచ్చని నీరు నింపితే నిజమైన శిశువంత బరువు తూగే బొమ్మ అది. బల్బు నొక్కితే బొడ్డుతాడు నాడి కొట్టుకుంటుంది, ఏడుస్తుంది కూడా. టాంజానియాలో ఎనిమిది ఆసుపత్రులలో ఈ శిక్షణ తర్వాత మొదటి 24 గంటలలో శిశు మరణాలు 47 శాతం తగ్గాయని 2013లో ప్రచురితమైంది. కానీ అదే దేశంలో హైదోం అనే పల్లె ఆసుపత్రి మరో సంగతి బయటపెట్టింది. అక్కడ ఒక రోజు శిక్షణ ఇచ్చారు. నెలల తర్వాత పరీక్షిస్తే బొమ్మ మీద నర్సులు చక్కగా చేస్తున్నారు, కానీ నిజమైన కాన్పు గదిలో ఏమీ మారలేదు! అప్పుడు బొమ్మను కాన్పు గది పక్కనే ఉంచి, వారం వారం కొన్ని నిమిషాలు అభ్యాసం చేయించారు. అప్పుడు మరణాలు తగ్గాయి. మొదటి రోజు మరణాలు వెయ్యికి 11.1 నుండి 7.2కు దిగాయి.

బొమ్మ ఖరీదు ముఖ్యం కాదని మొదట అన్నది ఇందుకే. అది ఎక్కడ ఉంది, ఎన్నిసార్లు చేతికి అందుతోంది అన్నదే ముఖ్యం. తనిఖీ బృందం వచ్చే రోజున బీరువా తాళం తీసి, బొమ్మకు కొత్త దుప్పటి కప్పి, వారు వెళ్ళాక మళ్ళీ తాళం వేసే కళాశాలలు మన రాష్ట్రాలలో ఉన్నాయన్నది ఈ వృత్తిలో ఉన్నవారికి కొత్త విషయం కాదు. పాడైపోతుందన్న భయంతో ముట్టుకోనివ్వని బొమ్మ వల్ల ఏమి ప్రయోజనం? పాడైపోవడం కోసమే దానిని కొన్నారు. మనిషి పాడవకుండా ఉండటానికి.

ఇంకో ఉదాహరణ బీహారు నుండి. అక్కడ మూడు వందలకు పైగా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలకు నర్సు శిక్షకులే వెళ్ళి, అక్కడి నర్సులకు వారి సొంత కాన్పు గదిలో, వారి సొంత సామగ్రితో అత్యవసర కాన్పుల అభ్యాసం చేయించారు. ఆ కార్యక్రమం పేరు అమానత్. హిందీలో ఒక పెద్ద పేరుకు అది సంక్షిప్త రూపమే అయినా, ఆ పదం ఎంత సరిగ్గా కుదిరిందో చూడండి. వారు వాడినది లక్షల రూపాయల బొమ్మ కాదు. ఆపరేషన్ థియేటరులో వేసుకొనే పైజామాను మార్చి కుట్టి, దానిని ఒక నర్సు తొడుక్కొని, తల్లిగా పడుకొని నొప్పులు పడుతున్నట్లు నటిస్తుంది. బిడ్డ బొమ్మ ఆ పైజామాలో నుండే పుడుతుంది, ఎర్రనీరు అందులో నుండే పారుతుంది. నటిస్తున్నది తమ సహోద్యోగినే కనుక ఆమెతో మాట్లాడక తప్పదు, ధైర్యం చెప్పక తప్పదు. మొత్తం వీడియో తీసి, తర్వాత అందరూ కలిసి చూసుకుంటారు. కుట్టు మిషను లేని ఇల్లు మన బస్తీలలో ఎన్ని ఉన్నాయి? బూర్గంపాడులోని ఏ దర్జీ చెల్లెలైనా ఒక పూటలో అటువంటి పైజామా కుట్టగలదు. మదాం దు కూద్రే గుడ్డ బొమ్మకు, దీనికి మధ్య రెండున్నర శతాబ్దాలు గడిచాయి గానీ, సూత్రం ఒక్కటే.

మన రాష్ట్రం ఈ దారిలో కొన్ని అడుగులు వేసింది. శిశువులకు ఊపిరి పోయడంలో ఆరోగ్య సిబ్బందికి తర్ఫీదు ఇచ్చే నవజాత శిశు సురక్షా కార్యక్రమం 2009 నుండి దేశమంతటా ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాదు ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ కలిసి కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించాయి. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో ప్రకటించిన కొత్త బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళికలో స్కిల్ ల్యాబులకు, సిమ్యులేషన్‌కు చోటు దక్కింది. కొత్తగూడెంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాక జిల్లాలోనే శిక్షణకు అవకాశాలు పెరిగాయి.

ఫలితాలు కూడా కొంత కనబడుతున్నాయి. 2018-20 లెక్కల ప్రకారం తెలంగాణలో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 43, దేశ సగటు 97. రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుతున్నాయని అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అదే సర్వే ప్రకారం ఇక్కడ 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. దేశంలో ఇంత ఎక్కువ మరెక్కడా లేదు. సహజ కాన్పును ఓపికగా, భయం లేకుండా నడిపించగల నర్సులు తగినంతమంది లేకపోవడం దీనికి ఉన్న కారణాలలో ఒకటి. చిక్కు వస్తే ఏమి చేయాలో చేతులకు తెలిసినప్పుడే ఓపిక వస్తుంది. లేకపోతే ముందే కత్తి పట్టాలనిపిస్తుంది.

ఈ సంవత్సరం తమ అమ్మాయిని నర్సింగ్‌లో చేర్పించాలని ఆలోచిస్తున్న తల్లిదండ్రులకు మేము ఒక సలహా ఇస్తాము. హాస్టలు, ఫీజు, బస్సు, పర్దా సౌకర్యం గురించి మీరు ఎలాగూ అడుగుతారు, అడగాలి కూడా. వాటితో పాటు స్కిల్ ల్యాబ్ చూపించమని అడగండి. చూసి ఊరుకోకండి. బొమ్మ చేతి మీద సూది గుర్తులు ఉన్నాయేమో చూడండి. గుర్తులు లేకుండా మెరిసిపోతుంటే అనుమానించండి. ల్యాబ్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో, సాయంత్రం విద్యార్థినులు సొంతంగా వెళ్ళి అభ్యాసం చేసుకోవచ్చో లేదో రెండో సంవత్సరం అమ్మాయిలనే పక్కకు పిలిచి అడగండి. అభ్యాసం తర్వాత టీచరు కూర్చోబెట్టి మాట్లాడతారా అని అడగండి. వార్డు పోస్టింగులు ఏ ఆసుపత్రిలో, వారానికి ఎన్ని రోజులో కూడా తెలుసుకోండి. బొమ్మ మీద మాత్రమే నేర్చుకున్న నర్సు, ఈతను ఒడ్డు మీద నేర్చుకున్న మనిషి వంటిది.

ఇక మన ఊరి మాట. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపివేశారు. బూర్గంపాడు, సారపాక ప్రాంతాలు నీట మునిగాయి. వరద హెచ్చరిక రాగానే నెలలు నిండిన గర్భిణులను ముందుగానే ఆసుపత్రులకు తరలించడం అధికారులు చేస్తూనే ఉన్నారు, అది మంచి పని. కానీ నొప్పులు తేదీ చూసుకొని రావు. వంతెన మూసిన రాత్రి, గట్టుకు ఇటువైపున మిగిలిపోయిన తల్లికి దక్కేది ఇటువైపున ఉన్న స్టాఫ్ నర్సు, ఏఎన్ఎం మాత్రమే. ఆ రాత్రికి వారి చేతులు సిద్ధంగా ఉండాలంటే కావలసినది పెద్ద భవనం కాదు. ఒక శిశువు బొమ్మ, మాస్కు, బ్యాగు, ఒక కుట్టిన పైజామా, రెండు లీటర్ల ఎర్రనీరు, డ్యూటీ మారే వేళ పది నిమిషాలు. జిల్లాలోని నర్సింగ్ విద్యార్థినులను కూడా ఆ పది నిమిషాలకు పిలిస్తే వారు తమ భవిష్యత్తును ముందుగా చూసుకుంటారు. ఇందుకయ్యే కొద్దిపాటి ఖర్చును మన బైతుల్‌మాల్ కమిటీలు, మస్జిద్ కమిటీలు మిగతా సమాజంతో కలిసి భరించడం అసాధ్యం కాదు. సదఖా అంటే అన్నం, దుప్పట్లు మాత్రమే అనుకోవడం మన అలవాటు. ఒక మాస్కు, బ్యాగు కూడా సదఖాయే.

భద్రాచలం వద్ద మొదటి ప్రమాద హెచ్చరికను 43 అడుగుల వద్ద జారీ చేస్తారు. ఆ అభ్యాసం నీరు అక్కడికి రాకముందే, జూన్ మొదటి వారంలోనే మొదలుకావాలి.